ట్రక్ రేడియేటర్ల దిగుమతి – 3వ పాఠం: రెండు కొటేషన్లను పక్కపక్కన పెట్టి చదవడం

పోయిన పాఠంలో ఓఈ నంబర్ (ట్రక్ తయారీ కంపెనీ ఆ విడిభాగానికి ఇచ్చిన నంబర్) పట్టుకుని విదేశీ తయారీదారులకు ఎంక్వైరీ పంపడం దాకా వచ్చాం. ఇప్పుడు జవాబులు వచ్చాయనుకుందాం. ఒకే నంబర్, ఒకే ట్రక్ మోడల్, రెండు ఫ్యాక్టరీలు. మొదటివారి కంటే రెండోవారి ధర నాలుగో వంతు తక్కువ. కొత్తగా ఈ వ్యాపారంలోకి వచ్చినవాళ్లు చాలామంది ఇక్కడే తక్కువ ధరకు మొగ్గి అడ్వాన్స్ పంపేస్తారు. ఒక్క రోజు ఆగండి. ముందు ఆ రెండు ధరలూ ఒకే వస్తువుకేనా అన్నది తేల్చుకోవాలి.

ఓఈ నంబర్ చెప్పేదల్లా ఆ రేడియేటర్ ఫలానా ట్రక్కులో బిగుస్తుందని. పైపులు ఎక్కడ రావాలో, బ్రాకెట్లు ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటాయి. లోపల ఎంత లోహం వాడారు, ఎంత వేడిని బయటికి పంపగలదు అన్నది ఆ నంబర్‌లో ఉండదు. ధరలో తేడా పుట్టేది ఎక్కువగా అక్కడే.

ఇప్పటి ట్రక్ రేడియేటర్లలో ఎక్కువ భాగం అల్యూమినియం కోర్, రెండు చివరలా ప్లాస్టిక్ ట్యాంకులతో వస్తాయి. కూలెంట్ పారే చదును ట్యూబులు, వాటి మధ్య ముడతలు ముడతలుగా ఉండే ఫిన్లు, వీటిని పట్టి ఉంచే హెడర్ ప్లేట్లు కలిసి కోర్ అవుతుంది. కోర్ కొలత ఎత్తు, వెడల్పు, మందం అని మూడు అంకెల్లో, మిల్లీమీటర్లలో ఇస్తారు. కొందరు ఎత్తు ముందు రాస్తారు, కొందరు వెడల్పు. ఆ క్రమం ఏమిటో అడిగి రాయించుకోండి. కొలిచేది హెడర్ నుంచి హెడర్ వరకే, ట్యాంకులు కలపకూడదు.

అసలు కిటుకంతా మూడో అంకెలో ఉంది. మందం అంటే ముందు నుంచి వెనక్కి ఫిన్ ఎంత లోతుందో అది. ట్యాంక్ వెడల్పు కాదు. 48 మిల్లీమీటర్లు ఉండాల్సిన చోట 40 ఇస్తే ట్రక్కులో చక్కగా బిగుస్తుంది, కొన్న రోజు ఎవరికీ తెలియదు. నిండు లోడుతో ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రం టెంపరేచర్ ముల్లు పైకి పోతుంది, ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది. ఆ బాధంతా ఈ కొటేషన్ ముఖం చూడని డ్రైవర్ పడతాడు. అందుకే ఈ ఒక్క అంకె విషయంలో మొహమాటపడొద్దని గట్టిగా చెబుతున్నాను.

తర్వాత ఫిన్ పిచ్, అంటే పక్కపక్క ఫిన్ శిఖరాల మధ్య దూరం. శాంపిల్ చేతికొచ్చాక ట్యూబు వెంట 100 మిల్లీమీటర్ల దూరం గుర్తు పెట్టుకుని, ఆ మధ్యలో ఫిన్ శిఖరాలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. 40 ఉంటే పిచ్ రెండున్నర మిల్లీమీటర్లు, 50 ఉంటే 2. కొన్ని ఫ్యాక్టరీలు శిఖరం నుంచి శిఖరానికి లెక్కిస్తాయి, కొన్ని సగం మడతనే ఒకటిగా లెక్కిస్తాయి. అందుకే ‘పిచ్ ఎంత’ అని అడగడం కంటే ‘100 మిల్లీమీటర్లలో ఒకే వైపు శిఖరాలు ఎన్ని’ అని అడగడం మంచిది. ఫిన్లు తగ్గితే లోహం ఖర్చు తగ్గుతుంది, గాలికి వేడిని వదిలే ఉపరితలమూ తగ్గుతుంది.

ట్యూబు గోడ మందం, ఫిన్ రేకు మందం శాంపిల్‌ను కోస్తే తప్ప కొలవలేం. దానికి నేను ఎక్కువగా నమ్మేది తూకాన్ని. ప్యాకింగ్ లేకుండా ఒక్కో పీస్ నికర బరువు ఎంతో కొటేషన్‌లోనే రాయమనండి. కోర్ కొలతలు ఒకటే అయి, డిజైన్ కూడా అదే అయినప్పుడు ఒకటి స్పష్టంగా తేలికగా ఉంటే ఎక్కడో రేకు పలచబడిందన్నమాట. శాంపిల్ తూకం ఒప్పందంలోకి ఎక్కించి, ప్లస్ ఆర్ మైనస్ ఎంత వరకు ఒప్పుకుంటారో కూడా రాయించండి. రేపు సరుకు దిగాక తగువు వస్తే ఆ కాగితమే మాట్లాడుతుంది.

ఇప్పుడు శాంపిల్‌ను వెలుతురులోకి తెచ్చి ట్యాంక్ అంచు చూడండి. హెడర్ ప్లేట్ అంచు పళ్లు ట్యాంక్ పాదం మీదికి వంచి ఉంటాయి, కింద రబ్బరు గాస్కెట్ ఉంటుంది. పళ్లన్నీ ఒకే ఎత్తులో, ఒకే వంపులో ఉండాలి. ఒక మూల నాలుగు పళ్లు వదులుగా కనిపిస్తే కొన్నాళ్లకు కూలెంట్ కారేది ఆ మూల నుంచే. ట్యాంక్ మీద పీఏ66-జీఎఫ్30 అన్న అచ్చు ఉందేమో వెతకండి. 30 శాతం గాజు నారలు కలిపిన నైలాన్ 66 అని దాని అర్థం. తర్వాత ఇన్‌లెట్ గొట్టంలోంచి టార్చ్ వేసి చూడండి. బ్రేజింగ్ ఫ్లక్స్ (అల్యూమినియం భాగాలను అతికించేటప్పుడు వాడే రసాయనం) తెల్లటి పొడిగా మరీ ఎక్కువ మిగిలి ఉంటే అది కూలెంట్‌లోని అడిటివ్స్‌ను దెబ్బతీస్తుంది.

లీక్ టెస్ట్ ప్రతి పీస్‌కీ చేస్తారా, ఎంత ప్రెషర్‌తో, ఎంతసేపు అన్నది అడగండి. ‘హండ్రెడ్ పర్సెంట్ టెస్టెడ్’ అన్న మాటను జవాబుగా తీసుకోవద్దు. ఐఏటీఎఫ్ 16949 (వాహన విడిభాగాల తయారీకి నాణ్యతా నిర్వహణ ప్రమాణం) సర్టిఫికెట్ ఉంటే దాని గడువు, అందులో రాసిన ఫ్యాక్టరీ చిరునామా చూడండి. సర్టిఫికెట్ ఒక ప్లాంటుది, సరుకు ఇంకో ప్లాంటుది అయ్యే వీలుంది.

ప్యాకింగ్ దగ్గర కాస్త లెక్క చేద్దాం. రేడియేటర్లు బరువు పరిమితికి చేరకముందే కంటైనర్‌ను నింపేస్తాయి, కాబట్టి మనం కట్టేది చోటుకు. అట్టపెట్టె 1.20 × 1.00 × 0.20 మీటర్లు అయితే 0.24 ఘనమీటరు. 40 అడుగుల హైక్యూబ్ (మామూలు దానికంటే ఎత్తైన) కంటైనర్‌లో లోపల సుమారు 76 ఘనమీటర్లు ఉన్నా, సందులు పోను 68 వాడుకోగలమనుకుందాం. 283 పీసులు పడతాయి. అదే పెట్టె 4 సెంటీమీటర్లు లావైతే 236కి పడిపోతుంది. అలాగని పెట్టెను మరీ బిగించమని చెప్పకండి. మూలలకు ఫోమ్, గొట్టాలకు మూతలు, కోర్‌కు రెండు వైపులా గట్టి అట్ట లేకపోతే ఫిన్లు నలిగి వస్తాయి. చెక్క క్రేట్లు వాడితే ఐఎస్‌పీఎమ్ 15 ముద్ర (చెక్కలో పురుగులు లేకుండా శుద్ధి చేశారని చెప్పే అంతర్జాతీయ గుర్తు) ఉండాలి. అది లేకపోతే సరుకు పోర్టులోనే ఆగిపోవచ్చు.

కస్టమ్స్ కోడ్‌లో మొదటి ఆరు అంకెలు 870891, మోటారు వాహనాల రేడియేటర్లు, వాటి విడిభాగాలకు. ఆ తర్వాతి అంకెలు, సుంకం దేశాన్ని బట్టి మారతాయి. ఎఫ్‌ఓబీ (ఓడకెక్కించే వరకు ఖర్చు అమ్మేవాళ్లది), సీఐఎఫ్ (మన పోర్టు దాకా రవాణా, బీమా కలిసిన ధర) సంగతి వచ్చే పాఠంలో చూద్దాం. ఈలోగా రెండు కొటేషన్లూ ఒకే ఇన్‌కోటర్మ్ (రవాణా ఖర్చు, నష్టభయం ఎవరివో చెప్పే ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ లాంటి షరతు) మీద, పోర్టు పేరుతో సహా ఉన్నాయో లేదో సరిచూసుకోండి.

ఈ వారం అభ్యాసం: ఏదైనా మెకానిక్ షెడ్‌లో తీసి పక్కన పెట్టిన పాత ట్రక్ రేడియేటర్ ఒకటి దొరికించుకోండి. కోర్ మూడు కొలతలు, 100 మిల్లీమీటర్లలో శిఖరాలు, నికర బరువు, ట్యాంక్ మీది అచ్చు, ఇన్‌లెట్ అవుట్‌లెట్ గొట్టాల బయటి వ్యాసం ఒక కాగితం మీద రాయండి. బరువు తూచేముందు లోపలి నీళ్లన్నీ వంచేయండి. నాలుగో పాఠంలో ఆ కాగితాన్నే స్పెసిఫికేషన్ షీట్‌గా మార్చి ప్రొఫార్మా ఇన్‌వాయిస్‌కు (సరుకు పంపకముందు అమ్మేవాళ్లు ఇచ్చే ముందస్తు బిల్లుకు) జతచేద్దాం.