రౌండ్‌క్యూబ్ లోపాన్ని మా పర్లాకిమిడిలో ఎలా సరిచేశానంటే

పర్లాకిమిడిలో ఒక జీడిపప్పు వ్యాపారుల ఆఫీసు మెయిల్ సర్వర్ నేనే చూస్తాను. పలాసకు వెళ్లే బిల్లులన్నీ రౌండ్‌క్యూబ్ (బ్రౌజర్‌లోనే మెయిల్ చూసి పంపే సాఫ్ట్‌వేర్) నుంచే పంపుతారు. 2025 జూన్‌లో అందులో బయటపడ్డ సీవీఈ-2025-49113 అనే భద్రతా లోపం గురించి చదివాక టెన్షన్ పట్టుకుంది. మాది 1.6.6 వెర్షన్. లోపం సరిచేసింది 1.6.11లో, 1.5 వాడేవాళ్లకు 1.5.10లో.

పాత వెర్షన్లలో ఫైలు అప్‌లోడ్ చేసే కోడ్, యూఆర్‌ఎల్‌లో వచ్చే ‘ఫ్రమ్’ విలువను సరిచూడకుండా తీసుకుంటుంది. దాన్ని పట్టుకుని పీహెచ్‌పీ డీసీరియలైజేషన్ (దాచిన డేటాను ప్రోగ్రామ్ తిరిగి ఆబ్జెక్టులుగా మార్చుకోవడం) ద్వారా బయటివాడు సర్వర్‌లో తన కోడ్ నడపగలడు. లాగిన్ అయినవాడే ఇది చేయగలడు కదా అని ఊరుకోకూడదు. ఒక్క గుమస్తా పాస్‌వర్డ్ దొరికితే చాలు, సర్వర్ మొత్తం వాడి చేతికి వెళ్తుంది.

ఆదివారం రాత్రి డేటాబేస్, కాన్ఫిగ్ ఫోల్డర్ బ్యాకప్ తీశాను. కొత్త వెర్షన్‌తో వచ్చే ఇన్‌స్టాల్‌టు స్క్రిప్ట్‌కి పాత ఫోల్డర్ దారి ఇస్తే అప్‌డేట్ అదే చేసుకుంది. ఇన్‌స్టాలర్ ఫోల్డర్ తీసేశాను. వెబ్ సర్వర్ కోడ్‌ని మార్చలేకుండా ఫోల్డర్ మొత్తాన్ని రూట్ (సర్వర్ అడ్మిన్ ఖాతా) పేరు మీదకు మార్చాను.

అక్కడే పొరపాటు చేశాను. సోమవారం పొద్దున్నే పెద్దాయన ఫోన్. “బాబూ, బిల్లు ఎక్కట్లేదు, ఏటి సేశావు?”

టెంప్ (తాత్కాలిక ఫైళ్లు), లాగ్స్ (రికార్డులు) ఫోల్డర్లలో వెబ్ సర్వర్ రాయగలగాలి. ఆ రెండింటి హక్కులు తిరిగి ఇచ్చాక అటాచ్‌మెంట్ ఎక్కింది. తర్వాత పాత లాగిన్ రికార్డులు ఓపిగ్గా చూశాను, తేడా ఏమీ కనిపించలేదు. అయినా అందరి పాస్‌వర్డ్‌లూ మార్పించాను.