400 బ్రెవే ముందు: ఒళ్లు చెప్పే మాటను ఎప్పుడు నమ్మాలి?

బ్రెవే అంటే నిర్ణీత దూరాన్ని గడువులోపు సైకిల్ మీద పూర్తిచేసే రైడ్. 200, 300 కిలోమీటర్లవి పూర్తిచేసినవారిని 400 అంతగా భయపెట్టదు. ఇంకో వంద కిలోమీటర్లే కదా అనిపిస్తుంది. తేడా దూరంలో కన్నా గడియారంలో ఉంది. 300కి గడువు 20 గంటలు. తెల్లవారుజామున బయల్దేరితే ఎంత నెమ్మదిగా తొక్కినా అర్ధరాత్రి దాటిన కాసేపటికి పని అయిపోతుంది. 400కి గడువు 27 గంటలు. చాలామందికి రాత్రంతా సీటు మీద గడిచే మొదటి రైడ్ ఇదే.

టైర్లు, ట్యూబులు, లైట్లు, హెల్మెట్, మెరిసే జాకెట్ సంగతి నిర్వాహకులు పదేపదే చెబుతారు. ఎవరూ తనిఖీ చేయలేనిది ఒక్కటుంది. అది మీకు ఎంత కష్టంగా ఉందో మీరు వేసుకునే అంచనా. వేగం, తిండి, నిద్ర, రైడ్ ఆపేయాలా వద్దా అన్న నిర్ణయం అన్నీ దాని మీదే నడుస్తాయి. అది కొన్నిచోట్ల ఉన్నదున్నట్టు చెబుతుంది, కొన్నిచోట్ల పచ్చి అబద్ధం చెబుతుంది. ఏది ఎక్కడో ఇంటి దగ్గరే తెలుసుకుని బయల్దేరాలి.

స్వీడన్ మనస్తత్వవేత్త గున్నార్ బోర్గ్ 1960లలో ఈ అంచనాకు అంకెలు కట్టారు. ఆయన స్కేలు 6 నుంచి 20 దాకా ఉంటుంది. 6 అంటే ఊరికే కూర్చున్నట్టు, 20 అంటే ఇక ఒక్క పెడల్ కూడా తొక్కలేనట్టు. 6తో మొదలుపెట్టడానికి కారణం ఉంది. ఆరోగ్యంగా ఉన్న యువకుడు చెప్పే అంకెను పదితో గుణిస్తే అతని గుండె వేగానికి దగ్గరగా రావాలని ఆయన ఉద్దేశం. 11 అంటే తేలిక, 13 అంటే కాస్త కష్టం, 15 కష్టం, 17 చాలా కష్టం. 400 తొక్కేవారు చదునైన రోడ్డు మీద 11, 12 దాటకూడదని, ఘాట్ ఎక్కేటప్పుడు కూడా 14 దగ్గర ఆగాలని నా అభిప్రాయం. తొక్కే శక్తిని వాట్లలో చూపే పవర్ మీటర్ ఉన్నవారు నవ్వవచ్చు. కానీ 18వ గంటలో ఆ మీటరు చూపే 120 వాట్లు మీకు ఎంత ఖరీదవుతున్నాయో అది చెప్పదు. కండరాలు అలసినకొద్దీ అదే వేగానికి మెదడు మరింత గట్టిగా పురమాయించాలి. కష్టం పెరిగినట్టు అనిపించేది అందుకే.

బయల్దేరే ముందు మూడు రోజులు

కాళ్లకు విశ్రాంతి ఇవ్వాలని అందరికీ తెలుసు. బుర్రకూ ఇవ్వాలని చాలామంది అనుకోరు. పరిశోధకుడు శామ్యూల్ మార్కోరా బృందం 2009లో ఒక ప్రయోగం ప్రచురించింది. 16 మందిని ఒకరోజు 90 నిమిషాల పాటు కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, రెప్ప వాల్చకుండా చూడాల్సిన విసుగు పని చేయించారు. ఇంకోరోజు అంతే సమయం డాక్యుమెంటరీ చూపించారు. రెండు రోజులూ ఆ తర్వాత సైకిల్ ఎక్కించి, ఒకే భారం మీద ఇక చాలు అనేదాకా తొక్కించారు. డాక్యుమెంటరీ చూసిన రోజు సగటున 754 సెకన్లు తొక్కినవారు, బుర్ర వాడిన రోజు 640 సెకన్లకే దిగిపోయారు. గుండెలో గానీ, కండరాలు శ్రమిస్తే రక్తంలో చేరే లాక్టేట్‌లో గానీ దీనికి కారణం దొరకలేదు. మొదటి నిమిషం నుంచీ తొక్కడం కష్టంగా అనిపించడమే తేడా.

శుక్రవారం రాత్రి 11 దాకా ఆఫీసు కాల్స్‌లో ఉండి, శనివారం తెల్లవారుజామున స్టార్టింగ్ పాయింట్‌లో నిలబడేవారు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. శిక్షణ వృథా కాలేదు, కాళ్లూ బాగానే ఉన్నాయి. అయినా 13లా అనిపించాల్సింది 15లా అనిపిస్తుంది. వీలైతే శుక్రవారం సెలవు పెట్టండి. వీలుకాకపోతే బ్యాగు సర్దడం, రూట్ ఫోనులోకి ఎక్కించడం, టైర్లలో గాలి చూసుకోవడం గురువారమే ముగించండి. ముందు మూడు నాలుగు రాత్రులు రోజూ కన్నా గంట ఎక్కువ పడుకోండి. ఉత్సాహంతో శుక్రవారం రాత్రి ఎలాగూ నిద్ర పట్టదు.

మొదటి వంద కిలోమీటర్లు

ఇక్కడ అంచనా తక్కువ చేసి చెబుతుంది. చల్లటి గాలి, నిద్ర తీరిన ఒళ్లు, ముందు పది మంది, పక్కన కబుర్లు. విజయవాడ హైవే మీద గుంపులో ముప్పై వేగంతో పోతున్నా 10లానే ఉంటుంది. అసలు ఖర్చు మధ్యాహ్నం ఎదురుగాలిలో తెలిసివస్తుంది. కాబట్టి ఈ భాగంలో ఒంటి మాట ఒక్కటే వినకండి, రెండో సాక్షిని పెట్టుకోండి. గుండె వేగం చూపే పట్టీ ఉంటే పై హద్దు ఒకటి ముందే రాసుకుని దాన్ని దాటకండి. లేకపోతే మాట పరీక్ష చాలు. పక్కవారితో రెండు పెద్ద వాక్యాలు ఊపిరి తీసుకోవడానికి ఆగకుండా చెప్పగలగాలి. చెప్పలేకపోతే గుంపును వదిలేయండి. వాళ్లు తర్వాతి కంట్రోల్ (దారిలో హాజరు చూపించాల్సిన చోటు) దగ్గర టీ తాగుతూ దొరుకుతారు.

ఆకలి విషయంలోనూ ఇంతే. ఆకలి వేసేదాకా ఆగితే ఆలస్యం అయినట్టే. మొదటి గంట నుంచే గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం పడాలి. ఓ మోస్తరు అరటిపండులో 25 గ్రాముల దాకా ఉంటుంది. ఇడ్లీ, పల్లీ పట్టీ, బెల్లం, పెరుగన్నం, మీ కడుపుకు అలవాటైనది ఏదైనా సరే. కొత్త జెల్ ప్యాకెట్లను ఆరోజే మొదటిసారి ప్రయత్నించకండి.

తిండికీ అలుపుకూ ఉన్న బంధం కడుపులోనే లేదు. 2004లో ఇంగ్లండ్‌లో చేసిన ప్రయోగంలో సైక్లిస్టులు పిండిపదార్థం కలిపిన నీళ్లు పుక్కిలించి ఉమ్మేశారు, మింగలేదు. అయినా గంటపాటి రైడ్‌లో దాదాపు 3 శాతం వేగంగా తొక్కారు. నోట్లో పిండిపదార్థం పడగానే మెదడు కాస్త పట్టు సడలిస్తుందన్నమాట. ఇందులోంచి రోడ్డు మీద పనికొచ్చే నియమం ఒకటి వస్తుంది. మనసు దిగులుగా మారి, ఈ రైడ్ ఎందుకు ఒప్పుకున్నానా అనిపిస్తే ముందు తినండి. పావుగంట తర్వాత కూడా అలాగే ఉంటే అప్పుడు ఆలోచించండి. ఖాళీ కడుపుతో రైడ్ మానేయాలని నిర్ణయించుకున్నవారిలో చాలామంది ఇంటికి చేరాక తిట్టుకుంటారు.

ఎండలో మాత్రం వినాలి

ఎండలో ఒళ్లు అబద్ధం చెప్పదు. 35 డిగ్రీల గదిలో 20 కిలోమీటర్లు తొక్కించి చూసిన ప్రయోగంలో, ఒంటి వేడి అసాధారణంగా పెరగకముందే సైక్లిస్టులు తమకు తెలియకుండా శక్తి తగ్గించుకున్నారు. రాబోయే ముప్పును మెదడు ముందే పసిగట్టి కాళ్లకు పగ్గం వేస్తుంది. మధ్యాహ్నం వేగం పడిపోతే దాన్ని మీ బలహీనత అనుకుని గేరు పెంచకండి. వేసవిలో నల్గొండ, సూర్యాపేట వైపు 11 నుంచి 4 దాకా రోడ్డు మీద ఉండాల్సివస్తే ఆ ఐదు గంటలకూ తక్కువ దూరమే లెక్కవేసుకోండి. అంతకుముందు పది పదిహేను రోజులు ఎండలో కొద్దికొద్దిగా తొక్కి ఒంటికి అలవాటు చేయండి. ఏసీ గదిలో ట్రెయినర్ స్టాండుకు బిగించిన సైకిల్ తొక్కితే ఆ అలవాటు రాదు.

పగ్గాన్ని మందుతో తెంపితే ఏమవుతుందో సైక్లింగ్ చరిత్ర చూసింది. 1965లో ప్రపంచ చాంపియన్ అయిన బ్రిటిష్ సైక్లిస్టు టామ్ సింప్సన్, 1967 జులై 13న టూర్ డి ఫ్రాన్స్‌లో మోంట్ వాంటూ కొండ ఎక్కుతూ శిఖరానికి కాస్త దూరంలో పడిపోయారు. లేపి మళ్లీ సైకిల్ ఎక్కిస్తే కొంత దూరం తొక్కి మళ్లీ పడి, అక్కడే ప్రాణం వదిలారు. మండే ఎండ, కడుపు జబ్బు, వాటికి తోడు యాంఫెటమైన్ అనే ఉత్తేజక మందు, మద్యం. ఆపమని ఒళ్లు అరిచిన అరుపు ఆయనకు వినపడనివ్వనిది ఆ మందే. మన బ్రెవేల్లో యాంఫెటమైన్ ఎవరూ వాడరు. కానీ నొప్పి మాత్రలు జేబులో పెట్టుకుని గంటగంటకూ మింగేవారు ఉన్నారు. ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మోకాలి నొప్పి మాత్ర వేసుకునేంత ఉంటే అది సీటు ఎత్తు సరిచూసుకోమనో, రైడ్ ఆపమనో చెబుతోంది.

నీళ్లతో పాటు ఉప్పు కూడా వెళ్లాలి. ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ మీద ఎంత నీరు అని ఉంటే అంతే కలపండి. పేరులో ఓఆర్ఎస్ అని రాసి చక్కెర నీళ్లు అమ్మే డబ్బాల సంగతి తేలి, 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకూడదని చెప్పింది. డబ్బా మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం అని ఉందో లేదో చూసుకోవడం మంచిది. ఉప్పు మజ్జిగ ఎప్పుడూ మోసం చేయదు. దాహం లేకున్నా లీటర్లకు లీటర్లు ఉత్త నీళ్లు తాగడం కూడా ప్రమాదమే. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, వికారం, తలనొప్పి కనిపిస్తే నీళ్లు తగ్గించండి.

తోటి రైడర్ తూలుతున్నా, చిరాకుగా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా వడదెబ్బ అనుకోండి. చెమట పడుతోంది కదా అని ఊరుకోకండి. నీడకు చేర్చి, దొరికిన నీళ్లన్నీ మీద పోసి విసరండి, 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా పోస్తూనే ఉండండి.

రాత్రి రెండు నుంచి ఐదు దాకా

అలుపు స్కేలు మీద నిద్రకు చోటు లేదు. 400లో అన్నిటికన్నా పెద్ద ప్రమాదం అదే. అప్పటికి వేగం తగ్గింది, చల్లబడింది, గుండె నెమ్మదించింది. కష్టం ఎంత అని అడిగితే 11 అంటారు. ముల్లు ఇరుక్కున్న పెట్రోలు మీటరుకూ ఆ అంకెకూ తేడా లేదు. 1997లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 17 గంటలు మేలుకుని ఉన్నవారి చురుకుదనం రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్నవారితో సమానంగా పడిపోయింది, 24 గంటలకు అది 0.10 శాతానికి చేరింది. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం పెట్టిన హద్దు 0.03. మూడింటికి లేచి నాలుగింటికి బయల్దేరినవారు రాత్రి ఎనిమిదికే ఆ హద్దు దాటేసి ఉంటారు.

దీన్ని పట్టుకునే పరీక్ష ఖర్చు లేనిది. రాత్రి కంట్రోల్ దగ్గర రైడర్లను గమనిస్తే తెలుస్తుంది. అక్కడికి వచ్చినట్టు రుజువుగా ఏటీఎం రసీదు తీసుకుని, దాన్ని బ్రెవే కార్డు ఉన్న జిప్ కవరులో పెట్టడానికి ఒకతను మూడుసార్లు ప్రయత్నిస్తాడు. జిప్ ఇటు లాగి అటు లాగి, చివరకు రసీదు గ్లవ్‌లో దోపుకుని కార్డు కౌంటర్ మీదే వదిలేసి నడుస్తాడు. కాళ్లు ఎలా ఉన్నాయంటే భేష్ అంటాడు. అతన్ని అడగాల్సిన ప్రశ్న వేరు. తర్వాతి కంట్రోల్ ఎంత దూరం, అది ఎన్నింటికి మూస్తారు, గంటకు ఎంత వేగం కావాలి? ఈ లెక్క నోటితో చేయలేనివారు ఘాట్ దిగకూడదు. మీకు మీరు కూడా ప్రతి కంట్రోల్ దగ్గరా ఇదే ప్రశ్న వేసుకోండి.

దీనికి మందు నిద్రే. సమయం ఉంది, ముందే కేటాయించుకోవాలంతే. సగటున 20 వేగంతో తొక్కితే 400కి 20 గంటలు, మిగిలింది 7 గంటలు. తిండికి, కంట్రోళ్లకు, పంక్చర్లకు నాలుగైదు పోయినా గంటన్నర నిద్రకు ఉంటుంది. అంత వద్దనుకుంటే టీ తాగి వెంటనే 20 నిమిషాలు అలారం పెట్టుకుని పడుకోండి. కెఫీన్ పనిచేసే సమయానికి మెలకువ వస్తుంది. లేచాక ఐదు నిమిషాలు నడిచి, మొహం కడుక్కుని అప్పుడు ఎక్కండి. టీ మీద టీ తాగుతూ నిద్ర మానేయడం మాత్రం అప్పు మీద వడ్డీ పెంచుకోవడమే. పెట్రోలు బంకులో అనుమతి అడిగి పడుకోండి, ధాబాలో మంచం దొరికితే అదృష్టం. రోడ్డు అంచున వద్దు, మెరిసే జాకెట్ విప్పవద్దు. వెనక లైట్ లేకుండా ఆపిన లారీలు, రాంగ్ రూట్‌లో వచ్చే ట్రాక్టర్లు ఈ వేళలో మన హైవేల మీద మామూలే. సగం కళ్లతో వాటిని తప్పించలేరు.

ఆపే హద్దులు ఇంటి దగ్గరే కాగితం మీద రాయండి. రైడ్‌లో రాయబోతే బేరం మొదలవుతుంది. ముఖ్యంగా 1200 కిలోమీటర్లు 90 గంటల్లో తొక్కే పారిస్-బ్రెస్ట్-పారిస్ 2027లో ఉంది, దానికి 200, 300, 400, 600 పూర్తిచేయాలి కాబట్టి పంతం గట్టిగానే ఉంటుంది. కునుకు పట్టి ఒకసారి రోడ్డు దిగినా, నిద్రపోయి లేచాక కూడా లెక్క తేలకపోయినా, తల తగిలేలా పడినా రైడ్ ముగిసినట్టే. మూత్రం కోలా రంగులోకి మారితే నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. ఆ కాగితం నకలు ఇంట్లో ఒకరికి ఇచ్చి, ఫోన్ చేస్తే వాళ్ల మాటే చివరి మాట అని ఒప్పుకోండి.

ఇక ఫినిష్ దగ్గర కార్డు ఇచ్చేశాక ఇంటికి మీరు బండి నడపకండి. 24 గంటలు దాటిన మెలకువ, సాధించామన్న ఉత్సాహం తగ్గగానే ముంచేసే నిద్ర. స్టార్టింగ్‌కు కారులో మీరే వెళ్లి ఉంటే అక్కడే వెనక సీట్లో రెండు మూడు గంటలు పడుకుని బయల్దేరండి, లేదా ఆదివారం ఉదయం వచ్చి తీసుకెళ్లమని ఇంట్లోవాళ్లకు శుక్రవారమే చెప్పిపెట్టండి.