రాష్ట్ర ప్రభుత్వాన్ని చదవడం నేర్చుకుందాం - 3వ పాఠం: మంత్రుల జాబితా

పోయిన పాఠంలో శాసనసభ దగ్గర ఆగాం. ఎవరికి మెజారిటీ ఉందో తేలింది, ఆ పార్టీ శాసనసభాపక్షం, అంటే దాని ఎమ్మెల్యేలంతా కలిసి, తన నాయకుణ్ణి ఎన్నుకుంది, ప్రభుత్వం ఏర్పాటు చేయమని గవర్నర్ ఆయన్ని పిలిచారు. ఈ రోజు అక్కడి నుంచి మొదలుపెడదాం. ప్రమాణ స్వీకారం జరిగిన మర్నాడు పేపర్లో మంత్రుల ఫొటోలతో ఒక పేజీ వస్తుంది కదా, ఆ పేజీని ఎవరి సాయం లేకుండా అర్థం చేసుకోవడమే ఈ పాఠంలో మనం నేర్చుకునేది. పెన్ను, తెల్ల కాగితం దగ్గర పెట్టుకోండి.

ముందు ఒక వాక్యం రాసుకోండి. ముఖ్యమంత్రిని గవర్నర్ నియమిస్తారు, మిగతా మంత్రులను ముఖ్యమంత్రి సలహా మీద గవర్నర్ నియమిస్తారు. రాజ్యాంగంలో 164వ అధికరణం మొదలయ్యేది ఈ మాటతోనే. ఇందులో 'సలహా' అన్న మాట కింద గీత గీయండి. మన వాడుకలో సలహా అంటే వింటే వినొచ్చు, లేకపోతే లేదు. ఇక్కడ అలా కుదరదు. కొద్దిపాటి మినహాయింపులు తప్ప గవర్నర్ మంత్రిమండలి సలహా ప్రకారమే నడుచుకోవాలని 1974లో షంషేర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అంటే పేర్లు ఖరారయ్యేది ముఖ్యమంత్రి దగ్గరే, గవర్నర్ దగ్గరికి జాబితా వెళ్ళేది ఆమోదానికి. గవర్నర్‌కు ఇష్టమున్నంత కాలమే మంత్రులు పదవిలో ఉంటారని అదే అధికరణంలో ఉంది. దాన్నీ ఇలాగే చదవాలి. ఎవరినైనా తప్పించాలనుకుంటే ఆ మాట ముఖ్యమంత్రి నుంచి రావాలి.

ఇప్పుడు ఫొటోలు లెక్కపెట్టండి. ఒకప్పుడు దీనికి పరిమితి లేదు. 1997లో ఉత్తరప్రదేశ్‌లో కల్యాణ్ సింగ్ మంత్రివర్గంలో 93 మంది ఉన్నారు. మద్దతు నిలబెట్టుకోవడానికి పదవులు పంచే పద్ధతికి అడ్డుకట్టగా 2003లో 91వ సవరణ వచ్చింది. ముఖ్యమంత్రితో కలిపి మంత్రుల సంఖ్య శాసనసభ మొత్తం సభ్యుల్లో 15 శాతం దాటకూడదు, 12కు తగ్గకూడదు.

ఆంధ్రప్రదేశ్ లెక్క వేద్దాం. సీట్లు 175. అందులో 15 శాతం 26.25. మనిషిని పావు వంతు చేయలేం కాబట్టి 26. ముఖ్యమంత్రిని తీసేస్తే 25 మంది. 2024 జూన్ 12న చంద్రబాబు నాయుడితో పాటు ప్రమాణం చేసింది 24 మంది. అంటే ఒక కుర్చీ ఖాళీగా పెట్టుకున్నారన్నమాట. పేపరు చెప్పకపోయినా ఈ సంగతి మీరే పట్టుకోగలరు. ఆ 24లో జనసేనకు మూడు, బీజేపీకి ఒకటి. కూటమి ప్రభుత్వం అయినప్పుడు ఈ పంపకం కూడా పక్కన రాసుకోండి.

తెలంగాణలో 119 సీట్లు. 15 శాతం 17.85 వస్తుంది. అక్కడ దాన్ని 18గా తీసుకుంటున్నారు. మరి ఆ 12 మంది కనీస సంఖ్య సంగతేంటి? 2018 డిసెంబర్ 13న కేసీఆర్ రెండోసారి ముఖ్యమంత్రి అయినప్పుడు ఆయనతో ప్రమాణం చేసింది మహమూద్ అలీ ఒక్కరే. 2019 ఫిబ్రవరి 19న మరో పది మంది వచ్చి లెక్క 12కు చేరేదాకా, రెండు నెలల పైన ఇద్దరితోనే నడిచింది. పై గీత దాటితే అందరూ అడుగుతారు, కింది గీతను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. నా మటుకు నాకు అది సరైంది అనిపించదు. అన్ని శాఖల ఫైళ్ళూ ఇద్దరి బల్లల మీదికే చేరితే ఆలస్యమయ్యేది జనం పనులే.

తర్వాత ఒక్కో పేరు పక్కన 'ఎమ్మెల్యే' అనో 'ఎమ్మెల్సీ' అనో రాయండి. శాసనసభ, శాసనమండలి రెండిట్లో దేనిలో ఉన్నా మంత్రి కావచ్చు. 2017లో నారా లోకేశ్ మంత్రి అయింది ఎమ్మెల్సీగానే. ఏ సభలోనూ లేనివాళ్ళకూ అవకాశం ఉంది, కానీ దానికి ఆరు నెలలే గడువు. ఈలోపు ఏదో ఒక సభకు ఎన్నిక కాకపోతే పదవి పోతుంది.

ఈ గడువు ఎంత గట్టిదో ఒక ఉదాహరణ చూడండి. 2018 సెప్టెంబర్‌లో అరకు ఎమ్మెల్యే కిడారి సర్వేశ్వరరావును మావోయిస్టులు చంపేశారు. ఆయన కొడుకు శ్రవణ్ కుమార్‌ను నవంబర్ 11న మంత్రిగా తీసుకున్నారు. అప్పటికి ఆయన ఏ సభలోనూ సభ్యుడు కాదు. ఎన్నికల పోలింగ్ 2019 ఏప్రిల్ 11న అయిపోయింది గానీ ఓట్ల లెక్కింపు మే 23న. ఆరు నెలలేమో మే 10 నాటికే నిండుతున్నాయి. ఫలితం రావడానికి రెండు వారాల ముందే ఆయన రాజీనామా చేయాల్సి వచ్చింది. పోనీ, రాజీనామా చేసి మళ్ళీ ప్రమాణం చేస్తే ఇంకో ఆరు నెలలు దొరుకుతాయా? దొరకవు. పంజాబ్‌కు చెందిన ఇలాంటి కేసులోనే, అదే సభ కాలంలో ఎన్నిక కాకుండా రెండోసారి నియమించడం చెల్లదని 2001లో సుప్రీంకోర్టు చెప్పింది.

ప్రమాణం టీవీలో వస్తే శ్రద్ధగా వినండి. ఒక్కో మంత్రి రెండు ప్రమాణాలు చేస్తారు. మొదటిది పదవికి సంబంధించింది, 'భయం గానీ, పక్షపాతం గానీ, రాగద్వేషాలు గానీ లేకుండా' అన్న మాటలు అందులోవే. రెండోది రహస్యాలు కాపాడతానని. నాకు ఆ మొదటి ప్రమాణం ఎన్నిసార్లు విన్నా ఒళ్ళు జలదరిస్తుంది. ఇంకో విషయం గమనించండి. ఉప ముఖ్యమంత్రి అన్న పదవి రాజ్యాంగంలో ఎక్కడా లేదు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో ఐదుగురు ఉప ముఖ్యమంత్రులు ఉండేవారు, అయినా చట్టం దృష్టిలో వాళ్ళు మంత్రులే. ఆ పేరు పెట్టడంలో రాజ్యాంగ విరుద్ధమేమీ లేదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు అంది.

మంత్రిమండలి అంటే మంత్రులందరూ, కేబినెట్ అంటే అందులో పై హోదా ఉన్నవాళ్ళు. ఈ మాటలు మన దగ్గర ఒకదానికి బదులు ఒకటి వాడేస్తాం. మన రెండు రాష్ట్రాల్లో ఇప్పుడు మంత్రులందరిదీ కేబినెట్ హోదాయే కాబట్టి ఇబ్బంది లేదు. ఉత్తరప్రదేశ్ జాబితా చదివేటప్పుడు మాత్రం కేబినెట్ మంత్రులు, స్వతంత్ర హోదా ఉన్న సహాయ మంత్రులు, మామూలు సహాయ మంత్రులు అని మూడు వరుసలు గీసుకోవాలి.

ప్రమాణం చేయగానే శాఖ వచ్చేసినట్టు కాదు. శాఖల కేటాయింపు వేరే ఉత్తర్వు. అది 166వ అధికరణం కింద చేసిన బిజినెస్ రూల్స్ (ప్రభుత్వ పని ఎలా నడవాలో చెప్పే నియమాలు) ప్రకారం గవర్నర్ పేరుతో వస్తుంది, ఎవరికి ఏది అన్న నిర్ణయం ముఖ్యమంత్రిది. ఎవరికీ ఇవ్వని శాఖలు ముఖ్యమంత్రి దగ్గరే ఉంటాయి. సాధారణ పరిపాలన శాఖ ఎవరి దగ్గర ఉందో తప్పకుండా చూడండి, దాన్ని ముఖ్యమంత్రులు సాధారణంగా వదులుకోరు. ఏదైనా జీవో తెరిచి చివర సంతకం పైన చూస్తే 'గవర్నర్ ఉత్తర్వు మేరకు, వారి పేరిట' అన్న అర్థమిచ్చే వరుస కనిపిస్తుంది. దాని కింద సంతకం మాత్రం ఒక కార్యదర్శిది. ఆ కార్యదర్శికీ మంత్రికీ మధ్య ఫైలు ఎలా తిరుగుతుందన్నది నాలుగో పాఠం.

అప్పటిదాకా ఈ లెక్క చేసి ఉంచండి. మహారాష్ట్ర శాసనసభలో 288 సీట్లు, శాసనమండలిలో 78. గోవా శాసనసభలో 40, మండలి లేదు. రెండు చోట్లా ముఖ్యమంత్రితో కలిపి ఎంతమంది మంత్రులు ఉండొచ్చు? గోవా దగ్గర తొందరపడకండి, 15 శాతం లెక్క ఆరు అని వస్తుంది, పైన చెప్పుకున్న కింది గీత ఒకసారి చూసుకుని అప్పుడు జవాబు రాయండి.