గ్లూటెన్ పడనివారు మందుల డబ్బా తిప్పి చదివే ముందు

పోయిన నెల నాకు బాగా తెలిసిన ఒకావిడ మెట్ల మీద మూర్ఛ వచ్చి పడిపోయారు. గడ్డం చీలి ఆరు కుట్లు పడ్డాయి. ఆవిడకు సీలియాక్ వ్యాధి, అంటే గ్లూటెన్ తింటే చిన్నపేగు దెబ్బతినే జబ్బు, ఉంది. ఏళ్లుగా వాడుతున్న మూర్ఛ మాత్ర ఈసారి వేరే డబ్బాలో వచ్చింది. లోపలి కాగితంలో 'స్టార్చ్' (పిండి పదార్థం) అన్న మాట కనిపించగానే, గోధుమదేమోనని భయపడి ఎవరినీ అడగకుండా మూడు రోజులు మాత్ర మానేశారు. తీరా తయారీ సంస్థకు ఫోను చేస్తే అది మొక్కజొన్న స్టార్చ్ అని తేలింది.

గ్లూటెన్ అనే ప్రొటీన్ ఉండే గోధుమ, బార్లీ, రై సంగతి మీకు నేను చెప్పనక్కరలేదు. నేను చెప్పేది ఒక్కటే: అనుమానం వస్తే అడగండి, మాత్ర ఆపకండి.

ముందు లెక్క చూద్దాం. 2017లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మందుల్లోని గ్లూటెన్‌పై ముసాయిదా మార్గదర్శకాలు వెలువరించింది. గోధుమ స్టార్చ్ వాడినా ఒక్కో మాత్రలో గ్లూటెన్ 0.5 మిల్లీగ్రాములు మించదని దాని అంచనా. గ్లూటెన్ లేదని అచ్చువేసిన ఆహారంలోనే కిలోకు 20 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు. అంటే 30 గ్రాములు తింటే 0.6 మిల్లీగ్రాములు, ఒక్క మాత్రకన్నా ఎక్కువే. రోజుకు పది పన్నెండు మాత్రలు మింగేవారికి ఆ కొంచెమే పోగవుతుంది కాబట్టి అడగడం మాత్రం మానకూడదు.

కాగితంలో ఆగి చూడాల్సిన మాటలు కొన్నే. స్టార్చ్, ప్రీజెలటినైజ్డ్ స్టార్చ్, డెక్స్ట్రిన్: దేని నుంచి తీశారో రాయకపోతే అడగాలి. సోడియం స్టార్చ్ గ్లైకోలేట్ సాధారణంగా బంగాళాదుంపదే. మాల్ట్ అంటే మామూలుగా బార్లీ; టానిక్కుల్లో, పోషక పొడుల్లో దాని కోసం వెతకండి. లాక్టోజ్, సెల్యులోజ్, మెగ్నీషియం స్టియరేట్, పొవిడోన్‌లలో గ్లూటెన్ లేదు. గ్లుకోనేట్, గ్లూటమిన్ కూడా పేరు దగ్గరే తప్ప గ్లూటెన్ కావు. (జింక్ గ్లుకోనేట్ డబ్బాను భయపడి వారం రోజులు అటకెక్కించిన ఘనుణ్ణి నేనే.)

తయారీ సంస్థను అడిగే తీరు కూడా ముఖ్యం. "ఇందులో గ్లూటెన్ ఉందా?" అంటే "మేము పరీక్షించలేదు" అన్న జవాబు వస్తుంది, మీ భయం రెట్టింపవుతుంది. "ఇందులోని స్టార్చ్ దేని నుంచి తీసింది?" అని అడగండి. మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, బ్యాచ్ నంబరు చేతిలో పెట్టుకుని అడగండి. జవాబు వచ్చేదాకా మాత్ర ఆపకండి.

గోధుమ అలర్జీ వేరు, సీలియాక్ వేరు. గోధుమ స్టార్చ్ ఉన్న మందు సీలియాక్ ఉన్నవారికి ఇబ్బంది కలిగించే అవకాశం చాలా తక్కువనీ, గోధుమ అలర్జీ ఉన్నవారు మాత్రం వాడకూడదనీ ఐరోపాలో మందు కాగితం మీదే రాస్తారు. అలర్జీ ఉన్నవారు అదే రోజు డాక్టరుకు చెప్పి మందు మార్పించుకోవాలి.

మందు పేరు అదే అయినా తయారీదారు మారితే మళ్లీ అడగండి. పోయినసారి అడిగిన జవాబు ఈ డబ్బాకు చెల్లదు.

పాత డబ్బా పారేయకండి. కొత్తదానితో పక్కపక్కన పెట్టి చూడండి.

ఎవరో పంపిన 'సురక్షితమైన మందుల జాబితా' నమ్మకండి. తేదీ లేని జాబితా అసలే వద్దు.

క్యాప్సూల్ విప్పి పొడి మింగకండి. మాత్ర మీది పూత కడగకండి.

కడుపు ఉబ్బిందని గ్లూటెన్ మీదకు నెట్టకండి. షుగరు మందు మెట్‌ఫార్మిన్‌తో విరేచనాలు, ఐరన్‌తో మలబద్ధకం మామూలే.

ఆపరేషన్ ఉంటే గ్లూటెన్ పడదని ముందే చెప్పి కేస్‌షీటులో రాయించండి.

మూర్ఛ మందు ఆపకండి. గుండెకు వేసుకునే బీటా బ్లాకర్ ఆపకండి. చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్ అసలే ఆపకండి; శరీరం సొంతంగా కార్టిసాల్ అనే హార్మోన్ చేసుకోవడం తగ్గించేసి ఉంటుంది, ఒక్కసారిగా మానేస్తే ప్రాణం మీదకు వస్తుంది.

శుక్రవారం సాయంత్రం అడిగితే సోమవారం దాకా జవాబు రాకపోవచ్చు. సీలియాక్ ఉన్నవారు ఆ మూడు రోజులూ మాత్ర వేసుకోండి.