మిరప కళ్లానికి వెళ్లేముందు: నక్కలతో జాగ్రత్త

మా గుంటూరు వైపు మిరప కోతలు మొదలైతే కాపలాకి పిల్లాజెల్లాతో కళ్లంలోనే పడుకుంటాం. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా గుంటనక్కలు బొరియల్లో పిల్లల్ని సాకే రోజులు కూడా ఇవే.

పోయినేడు తెల్లారుజామున కాయల మీద పట్టా తీద్దామని లేస్తే, పది గజాల దూరంలో ఒక నక్క ముందు కాళ్లతో గబగబా మట్టి తోడుతోంది, నోట్లో మా కోడిగుడ్డు, చిట్లలేదు కూడా. గుడ్డును గుంటలో పెట్టి, మట్టిని మూతితోనే నెట్టి, మూతితోనే అదిమి, ముక్కు నిండా నల్లమట్టితో వెళ్లిపోయింది. రెండో రోజు రాత్రి సూటిగా అక్కడికే వచ్చింది. ఇంగ్లండ్‌లో ఎర్రనక్కలను గమనించిన డేవిడ్ మెక్‌డొనాల్డ్ 1976లోనే రాశారు, నక్క తను దాచినవి దాదాపు అన్నీ తీసుకుందట, పక్కనే ఆయన పూడ్చినవి మాత్రం చాలావరకు కనిపెట్టలేదట. అంటే వాసన ఒక్కటే కాదు, చోటు గుర్తుంటుంది. అందుకే ఆదివారం కోడి పేగులు, ఎముకలు గట్టు మీద పడేస్తే నక్క బెడద ఆ ఒక్క రాత్రితో పోదు. మోకాలి లోతు గొయ్యి తీసి పూడ్చండి, పైన బండ పెట్టండి. కోళ్ల గంప మీద కూడా బరువు ఉండాలి. పిల్లల్ని నేల మీద కాకుండా మంచం మీద, దోమతెరలో పడుకోబెట్టండి.

అన్నిటికన్నా నాకు భయం మందు పెట్టేవాళ్లంటేనే. చచ్చిన కోడికి పురుగుమందు పూసి వదిలితే నక్క అక్కడే తింటుందని ఏమీ లేదు, ఎత్తుకెళ్లి పక్కవాళ్ల చేలో పాతిపెడుతుంది, దాన్ని మీ కుక్కో, ఆడుకునే పిల్లాడో తవ్వుతాడు. దయచేసి ఆ పని చేయొద్దు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం నేరం కూడా.

పట్టపగలు బెదురు లేకుండా, తూలుతూ, చొంగ కారుస్తూ మీదికొచ్చే నక్క దగ్గరికి అసలు పోవద్దు, అది రేబిస్ కావచ్చు. కరిస్తే, గీరినా సరే, బోరు నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. కారం, పసుపు, సున్నం అద్దొద్దు. కోత ఆగిపోతుందని చూడకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లి టీకా మొదలుపెట్టించుకోండి, రక్తం కారిన గాయమైతే టీకాతో పాటు ఇమ్యునోగ్లోబ్యులిన్ (టీకా పనిచేసేలోపు కాపాడే, గాయం దగ్గర వేసే ఇంజెక్షన్) కూడా అడగండి.