ప్రయాణంలో కెమెరా ఫొటోలు: రోజూ రాత్రి ట్యాబ్‌తో చేయాల్సిన పని

24 మెగాపిక్సెల్ కెమెరాలో ఒక రా (RAW) ఫైలు, అంటే కెమెరా దిద్దకుండా దాచే ముడి ఫొటో, 25 నుంచి 30 ఎంబీ ఉంటుంది. దాంతోపాటు జేపెగ్ (కుదించిన మామూలు ఫొటో) కూడా తీస్తే ఇంకో 8 నుంచి 12 ఎంబీ. రోజుకు 400 ఫొటోలు తీసేవాళ్లకు రాత్రయ్యేసరికి 13 నుంచి 17 జీబీ చేరుతుంది. హైదరాబాద్ నుంచి హంపికో అరకుకో ఐదు రోజులు వెళ్లొస్తే, వీడియోలు కాకుండానే 80 జీబీ దాకా తేలుతుంది. అదంతా తపాలా బిళ్లంత కార్డులో ఒక్కచోటే ఉంటే, ఆ కార్డు పడిపోయినా పాడైనా చేసేదేమీ ఉండదు. అందుకే ప్రయాణంలో ట్యాబ్‌తో మొదట చేయాల్సింది రెండో కాపీ తీయడం, అది సరిగ్గా పడిందో లేదో కళ్లతో చూసుకోవడం. రంగులు దిద్దడం, స్టేటస్‌లో పెట్టడం ఆ తర్వాతే.

కావలసిన సామాను

64 జీబీ ట్యాబ్‌లో పై లెక్క ఎలాగూ పట్టదు. కాబట్టి ఫొటోలు ఉండాల్సింది 500 జీబీ లేదా 1 టీబీ ఎస్‌ఎస్‌డీలో, అంటే లోపల తిరిగే భాగాలేవీ లేని చిన్న బయటి డిస్క్‌లో. కార్డుకూ ఎస్‌ఎస్‌డీకీ మధ్య ట్యాబ్ వంతెన అన్నమాట. ఇందుకు ఎస్‌డీ కార్డు స్లాటు, యూఎస్‌బీ పోర్టు, ఛార్జింగ్ పోర్టు మూడూ ఉన్న టైప్-సీ హబ్ ఒకటి కావాలి. తిరిగే పళ్లెం ఉండే పాత హార్డ్ డిస్క్ వద్దు. అది లాగే కరెంటును చాలా ట్యాబ్‌లు ఇవ్వలేవు. డిస్క్ టిక్ టిక్ మంటుంది గానీ తెర మీద కనిపించదు. లైట్నింగ్ పోర్టున్న పాత ఐప్యాడ్ అయితే ఛార్జింగ్ దారి కూడా ఉన్న కెమెరా అడాప్టర్ తీసుకోవాలి. అది లేకపోతే ఎక్కువ పవర్ కావాలంటూ డిస్క్‌ను తిరస్కరిస్తుంది.

వీటిని సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ సామాను దొరికే సీటీసీలోనో, కోఠి గుజరాతీ గల్లీలోనో కొనేటట్టయితే ట్యాబ్, కెమెరా కార్డు వెంట తీసుకెళ్లండి. కౌంటర్ దగ్గరే హబ్ తగిలించి, ఒక ఫోల్డర్ కాపీ చేసి చూశాకే డబ్బులివ్వండి. ఏ హబ్ ఏ ట్యాబ్‌కు పడుతుందో పెట్టె మీద రాతలు చూసి చెప్పలేం.

డిస్క్‌లో ఫైళ్లను అమర్చే పద్ధతులు కొన్ని ఉన్నాయి. ఎస్‌ఎస్‌డీని బయల్దేరే ముందే కంప్యూటర్‌లో ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేయండి. విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ఉంటే చాలా ట్యాబ్‌లు దానిలో రాయలేవు. పాత పద్ధతి ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఒక్క వీడియో కూడా ఎక్కదు. కార్డుల సంగతీ ఇంతే: 32 జీబీ దాకా ఫ్యాట్32, 64 జీబీ నుంచి ఎక్స్‌ఫ్యాట్. కొన్ని పాత ఆండ్రాయిడ్ ట్యాబ్‌లకు ఎక్స్‌ఫ్యాట్ చదవడం రాదు. కార్డు పెట్టగానే ఇది పాడైంది, ఫార్మాట్ చేయమంటారా అని అడుగుతాయి. అక్కడ పొరపాటున కూడా సరే నొక్కకండి. కార్డు బాగానే ఉంది, ట్యాబ్‌కే చదవడం చేతకావడం లేదు.

కాపీ చేసే వరుస

కెమెరా ఆపి కార్డు తీయగానే దాని ఎడమ అంచు చూడండి. గోటితో జరిపే చిన్న మీట ఒకటి ఉంటుంది. దాన్ని లాక్ అని రాసి ఉన్న వైపు, అంటే కిందికి జరపండి. ఇక ట్యాబ్ ఆ కార్డును చదవగలదు గానీ దాని మీద ఏమీ రాయలేదు, చెరపలేదు. ఆండ్రాయిడ్‌కు తగిలించిన కార్డులో తన ఫోల్డర్లు తాను పెట్టుకునే అలవాటు ఉంది, అదీ ఆగుతుంది. మైక్రో ఎస్‌డీ కార్డుకు ఈ మీట ఉండదు, దాని అడాప్టర్‌కు ఉంటుంది. ఇంత చిన్న మీట కాపాడే ఫొటోలకు లెక్కలేదు, అయినా చాలామంది దాన్ని ముట్టుకోరు.

తర్వాత హబ్‌కు ముందు ఛార్జర్ పెట్టండి, ఆపైన ట్యాబ్, ఆపైన ఎస్‌ఎస్‌డీ, చివరికి కార్డు. ఈ వరుస ఎందుకంటే, కాపీ నడుస్తుండగా ఛార్జర్ గుచ్చినా పీకినా చాలా హబ్‌లు ఒక్క క్షణం అన్నింటినీ వదిలేసి మళ్లీ పట్టుకుంటాయి. ఆ క్షణంలో కాపీ సగంలో తెగుతుంది. లాడ్జిలో కరెంటు పోయి వచ్చినా అదే జరుగుతుంది. కరెంటు నమ్మకం లేని చోట హబ్‌కు పవర్ బ్యాంక్ పెట్టడం మేలు. తెర దానంతటది ఆగిపోయే సెట్టింగ్‌ను కాసేపు తీసేయండి. కొన్ని కంపెనీల ట్యాబ్‌లలో, ఫోన్లలో బయటి డిస్క్‌లను పట్టుకునే ఓటీజీ అనే మీటను సెట్టింగ్స్‌లో విడిగా వేయాలి. పది నిమిషాలు వాడకపోతే అది తానే ఆగిపోతుంది. కార్డు కనపడకపోతే ముందు అక్కడ చూడండి.

ఐప్యాడ్‌లో కార్డు పెట్టగానే ఫొటోస్ యాప్ ఇంపోర్ట్ చేయమంటారా అంటుంది. అలా చేస్తే ఫొటోలు ఐప్యాడ్‌లోకే వెళ్తాయి, పైగా ఐక్లౌడ్ ఫొటోస్ వేసి ఉంటే ఉచితంగా ఇచ్చే 5 జీబీ మొదటి రాత్రే నిండిపోతుంది. దాని బదులు ఫైల్స్ యాప్ తెరవండి. ఐప్యాడ్ ఓఎస్ 13 నుంచి, అంటే 2019 నుంచి, బయటి డిస్క్‌లు ఇందులో కనిపిస్తాయి. ఎడమ పక్కన కార్డు పేరు తాకి, కెమెరా ఫొటోలు దాచే డీసీఐఎం (DCIM) ఫోల్డర్‌లోకి వెళ్లి, లోపలి ఫోల్డర్‌ను నొక్కి పట్టి కాపీ అనండి. ఎస్‌ఎస్‌డీలో ఆ రోజు ఫోల్డర్ తెరిచి, ఖాళీ జాగాలో నొక్కి పట్టి పేస్ట్ చేయండి. ఆండ్రాయిడ్‌లో ట్యాబ్‌తో వచ్చిన ఫైల్స్ యాప్ చాలు. కాపీ, మూవ్ అని రెండూ పక్కపక్కనే ఉంటాయి. ఎప్పుడూ కాపీయే. మూవ్ మధ్యలో తెగితే ఏ ఫొటో ఎక్కడుందో వెతుక్కోవాల్సి వస్తుంది.

ఫోల్డర్ పేరు సంవత్సరం, నెల, తేదీ వరుసలో పెట్టండి: 2025-11-23 లాగా. అప్పుడే రోజులు వాటంతటవే వరుసగా నిలుస్తాయి. ఇంట్లో రెండు కెమెరాలుంటే చివర 1, 2 అని చేర్చి విడి ఫోల్డర్లు చేయండి. కెమెరా నంబర్లు 9999 తర్వాత మళ్లీ 0001కి వస్తాయి కాబట్టి ఒకే పేరుతో రెండు వేర్వేరు ఫొటోలు ఉండడం మామూలే. ఇదే పేరుతో ఫైలు ఉంది, మార్చమంటారా అని ట్యాబ్ అడిగితే ఆగిపోయి కొత్త ఫోల్డర్‌లో పెట్టండి. సరే అంటే మొదటి ఫొటో పోయినట్టే.

ఎంతసేపు పడుతుందంటే, తక్కువ ధర ట్యాబ్‌లలో, పదో తరం ఐప్యాడ్‌లో కూడా, పోర్టు యూఎస్‌బీ 2 వేగంతోనే పనిచేస్తుంది. సెకనుకు 30 నుంచి 40 ఎంబీకి మించి రాదు. కార్డూ డిస్కూ ఆ ఒక్క పోర్టులోంచే నడుస్తాయి కాబట్టి అందులో సగమే దక్కుతుంది. 16 జీబీకి పావుగంట దాటి ఇంకా పడుతుందనుకోండి. భోజనానికి వెళ్లే ముందు మొదలుపెట్టండి.

సరిచూసుకోవడం

ముందుగా రెండు ఫోల్డర్ల వివరాలు తెరిచి ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు పోల్చండి. కార్డులో 412 ఉంటే డిస్క్‌లోనూ 412 ఉండాలి. అక్కడితో ఆపేస్తే చాలదు. ప్రతి ఫొటో ఫైలులో ముందుభాగాన ఒక బుల్లి బొమ్మ దాచి ఉంటుంది. గ్యాలరీ గళ్లలో చాలాసార్లు కనిపించేది అదే. ఫైలు సగంలో తెగినా ఆ బుల్లి బొమ్మ చక్కగా ఉంటుంది. ఫొటో తెరిచి రెండు వేళ్లతో పెద్దది చేస్తేనే కింది సగం బూడిదరంగు పట్టీగా బయటపడుతుంది. కాబట్టి మొదటి ఫొటో, చివరి ఫొటో, మధ్యలో ఓ పది తెరిచి పూర్తిగా పెద్దవి చేసి చూడండి. వీడియోలను చివరి ఐదు సెకన్లకు జరిపి చూడండి.

అన్నీ సరిపోయాక ఎజెక్ట్ లేదా అన్‌మౌంట్ అనే ఆప్షన్ ఆండ్రాయిడ్‌లో పై నోటిఫికేషన్‌లో వస్తుంది, అది నొక్కి వైర్లు తీయండి. ఐప్యాడ్‌లో ఆ ఆప్షన్ లేకపోతే కాపీ గుండ్రం నిండాక ఇంకో నిమిషం ఆగండి. ఎక్స్‌ఫ్యాట్ డిస్క్‌ను రాస్తుండగా లాగేస్తే తెగిన ఆ ఒక్క ఫైలే కాదు, ఫోల్డర్ల పట్టిక కూడా చెడిపోవచ్చు.

కార్డు మీటను మళ్లీ పైకి జరపడం మరవకండి, లేదంటే పొద్దున్నే కెమెరా ఫొటో తీయనంటుంది. ఈ దశలో కార్డును చెరపొద్దు. 64 జీబీ కార్డులు రెండు మూడు కొనుక్కుని, ఇంటికొచ్చేదాకా ఏదీ చెరపకుండా తిరగడం అన్నింటికన్నా మంచి పద్ధతి. పూర్తయిన కార్డులు మీ దగ్గర, ఎస్‌ఎస్‌డీ ఇంకొకరి బ్యాగులో ఉండాలి. ఒకే సంచిలో పెట్టిన రెండు కాపీలు ఆ సంచితోపాటే పోతాయి.

ఏరడం, పంపడం

గ్యాలరీలో హృదయం గుర్తు పెట్టి ఏరుతుంటారు చాలామంది. ఆ గుర్తు ఆ ట్యాబ్‌లోనే ఉంటుంది, ఫైలుతో కంప్యూటర్‌కు రాదు. నచ్చినవాటిని ఎంపిక అనే ఫోల్డర్‌లోకి విడిగా కాపీ చేయండి. వెలుగు, రంగు చూసేటప్పుడు తెరను పసుపుగా మార్చే నైట్ మోడ్, ట్రూ టోన్ లాంటివి, ఆటో బ్రైట్‌నెస్ ఆపేయండి. గదిలో మసక బల్బు కింద ప్రతి ఫొటో కావలసినదానికన్నా వెలుగ్గా కనిపిస్తుంది. ఫొటోలో వెలుగు, చీకటి ఎంతెంత ఉన్నాయో చూపే కెమెరా హిస్టోగ్రామ్ గ్రాఫును నమ్మండి.

బంధువుల గ్రూపుకు పంపాల్సిన పది ఫొటోలకు కెమెరా వైఫై చాలు. అయితే నికాన్ కెమెరాల స్నాప్‌బ్రిడ్జ్ యాప్‌కు తానుగా వచ్చేవి 2 మెగాపిక్సెల్ ఫొటోలే, అవి కాపీ కింద లెక్కకు రావు. వాట్సాప్‌లో అసలు నాణ్యతతో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపాలి. గూగుల్ ఫొటోస్‌లో 2021 జూన్ 1 నుంచి పెట్టినవన్నీ 15 జీబీ ఉచిత కోటాలోకే వస్తాయి. ఎంపిక ఫోల్డర్‌ను మాత్రమే ఎక్కించండి.

ఎండాకాలంలో కారు సీటు మీద ట్యాబ్ వదలొద్దు. ఐప్యాడ్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెబుతుంది. మే నెలలో హైదరాబాద్‌లో బయటి నీడే అంతకు మించిపోతుంది. వేడెక్కితే ఛార్జింగ్, దాంతో కాపీ మందగించి ఆగుతాయి. శంషాబాద్‌లో విమానం ఎక్కేవాళ్లు పవర్ బ్యాంక్‌ను చేతి బ్యాగులోనే పెట్టుకోవాలి. పరిమితి 100 వాట్ అవర్లు, 20,000 ఎంఏహెచ్‌ది 74 అవుతుంది, ఇబ్బంది లేదు. దుబాయ్ దిగగానే కెమెరా గడియారం గంటన్నర వెనక్కి, సింగపూర్‌లో రెండున్నర గంటలు ముందుకు జరపండి.

బయల్దేరే ముందు ఒక ఆదివారం గోల్కొండలోనో కుతుబ్‌షాహీ సమాధుల దగ్గరో 200 ఫొటోలు తీసి, ఆ రాత్రి ఈ పనంతా ఒకసారి చేసి చూడండి. పనిచేయని వైరు, పోర్టు ఏదైనా ఉంటే సీటీసీ దగ్గరుండగానే బయటపడుతుంది. తిరిగొచ్చాక కంప్యూటర్‌లోకి కార్డుల నుంచే నేరుగా ఎక్కించండి. ఎస్‌ఎస్‌డీ కాపీతో సంఖ్య పోల్చి, రెండూ సరిపోయాకే కార్డును కెమెరాలో పెట్టి కెమెరా మెనూలోంచే ఫార్మాట్ చేయండి.