డ్రిప్పులో చివరి చెట్టుకు నీళ్లు అందట్లేదా? మోటారు పైకి తీసే ముందు ఇవి చూడండి

అనంతపురం చీనీ (బత్తాయి) తోటల్లో ఎండలు ముదిరితే అందరి నోటా ఒకటే మాట: "బోరు తగ్గింది." ఏడాదికి దాదాపు 550 మిల్లీమీటర్ల వానతో బతికే నేల కాబట్టి ఆ భయం రావడం సహజం. రెండేళ్ల కింద మేమూ ఆ టెన్షన్‌తోనే మోటారు పైకి తీయించాం. మోటారుకు ఏమీ కాలేదు, బోరులో నీళ్లున్నాయి. ఫిల్టర్ జాలి నిండా ఒండ్రు! తీసి దించిన ఖర్చంతా దండగైంది.

కాబట్టి ముందు కొలవండి. గంటకు 4 లీటర్లు ఇచ్చే డ్రిప్పర్ కింద గిన్నె పెడితే పావుగంటలో లీటరు నిండాలి. లైను మొదట్లో ఒకటి, చివర ఒకటి పెట్టండి.

రెండు చోట్లా తక్కువ

ఫిల్టర్‌కు అటూ ఇటూ ఉన్న ప్రెషర్ గేజ్‌లు చూడండి. తేడా అరకిలో (చదరపు సెంటీమీటరుకు) దాటితే ఫిల్టర్ మూసుకుపోయినట్టే. విప్పి, మెత్తటి బ్రష్‌తో కడగండి. తేడా లేకుండా రెండు గేజ్‌లూ తక్కువే చూపిస్తే సబ్‌మెయిన్‌లో (డ్రిప్పు లైన్లకు నీళ్లు పంచే పైపులో) లీకేజీ వెతకండి. అదీ లేకపోతే అప్పుడు బోరు సంగతి.

మొదట్లో బాగుంది, చివర చుక్కలే

డ్రిప్పు లైన్ల చివర ఉండే మూతలు (ఎండ్ క్యాపులు) విప్పి, నీళ్లు తేటపడేదాకా వదలండి. మట్టి మాత్రమే అయితే దీంతో తీరిపోతుంది. డ్రిప్పర్ మూతి దగ్గర తెల్లటి పొర కనిపిస్తే అది ఉప్పు. మన బోరు నీళ్లలో అది ఎక్కువ, కడిగితే పోదు. హైడ్రోక్లోరిక్ యాసిడ్ పెట్టాలి. నీళ్లలో యాసిడ్ పోయాలి, యాసిడ్‌లో నీళ్లు ఎప్పుడూ పోయకూడదు. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. వెంచురీ (లైన్లోకి మందు పీల్చే గొట్టం) ద్వారా ఎక్కిస్తూ, చివరి డ్రిప్పర్ నీళ్లలో పీహెచ్ కాగితం 4 చూపించగానే మోటారు ఆపేయండి. రాత్రంతా అలాగే ఉంచి, పొద్దున ముందు సబ్‌మెయిన్ ఫ్లష్ వాల్వు, తర్వాత ఎండ్ క్యాపులు తెరిచి కడిగేయండి. బ్లీచింగ్ పౌడర్‌తో మాత్రం కలపొద్దు, విషవాయువు వస్తుంది.

నీళ్లతో పాటు గాలి కొడుతోంది

ఇది నిజంగా నీటిమట్టం పడిపోయిన గుర్తు. డెలివరీ వాల్వు కొంచెం బిగించి, తోటను రెండు మూడు వాల్వులుగా విడదీసి వంతులవారీగా పారించండి. అయినా గాలి ఆగకపోతే మోటారును కొన్ని గంటలు ఆపాల్సిందే. నీళ్లు లేకుండా తిరిగితే వైండింగ్ (మోటారు లోపలి తీగ చుట్ట) కాలుతుంది.

మోటారు గుర్రుమంటోంది, తిరగట్లేదు

కరెంటు మూడు ఫేజుల్లో ఒకటి పోయి ఉండొచ్చు. వెంటనే ఆపండి. కెపాసిటర్ పెట్టి రెండు ఫేజుల మీద లాగించొద్దు. స్టార్టర్‌లో సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ (ఫేజు పోతే మోటారును ఆపేసే పరికరం) పెట్టించుకోండి. రీవైండింగ్ ఖర్చు ముందు దాని ఖర్చు చాలా తక్కువ.